చుట్టతీగ దివ్వె: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యాలు

మూలము

తాళ మిడినయపుడు తానుగా వెలుగొందు
చుట్టతీగ దివ్వె చూచి యాగు
ముందే చెప్పాలి, రెండో పాదం దాకా ఇది పాత పాఠం. మిగతా రెండూ ఇవి:
ఆరినంత త్రిప్పు మారకున్న మిణుకు
మన్న వెలుగకున్న మరనె యడుగు

అవతారిక

ఈ పద్యం ఏ తాళపత్రంలోనూ దొరకదు. పాత పాఠం అన్నానంటే పోయిన సంక్రాంతి నాటిదని. మా మేనల్లుడి పికప్పు బండితో వచ్చిన పుస్తకంలో మీటరు బోర్డు దీపాల పట్టిక ఒకటుంది. అందులో ఒక దీపానికి మూడంటే మూడు వాక్యాలు కేటాయించారు. బళ్ళో ఏళ్ళ తరబడి పద్యాలు చెప్పిన నోరు ఊరుకోక వాటిని ఆటవెలదిలోకి దించాను. రెండు పాదాలు మొదటి రోజు, రెండు పాదాలు మర్నాడు. గణాలు సరిపోయాయి, యతులు కుదిరాయి. బండి మాత్రం స్టార్ట్ కాలేదు. అందుకని టీక అవసరమైంది.

బండి నాలుగు సిలిండర్ల పాత డీజిల్ పికప్పు. ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. మా వాడుండేది లంబసింగి దగ్గర. చింతపల్లి చుట్టుపక్కల కూరగాయలెత్తి ఘాట్ దిగి నర్సీపట్నంలో దించుతాడు. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున్న ఆ కొండల మీద డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని రాత్రులు చలి సున్నా డిగ్రీల దాకా దిగుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి తాళం పెడతాడు. దీపం వెలుగుతుంది, ఆరుతుంది. సెల్ఫ్ కొడితే ఇంజిను రొప్పుతూ తిరుగుతుంది, సైలెన్సరులోంచి తెల్లటి పొగ వస్తుంది, అంతే. పండక్కి వెళ్ళిన నేను దుప్పటి కప్పుకుని మూడు తెల్లవారుజాములు ఈ నాటకం చూశాను.

మెదక్ జిల్లా కొలచారం ఊరి పేరు ఇంటిపేరుగా గల కోలాచల మల్లినాథ సూరి కాళిదాసుకి వ్యాఖ్య రాస్తూ ఆదిలోనే ఒక ఒట్టు పెట్టుకున్నాడు: ఆధారం లేనిది రాయనని, అవసరం లేనిది చెప్పనని. బండి రిపేరుకి కూడా ఇంతకన్న మంచి నియమం నాకు కనపడదు. ఆధారం లేకుండా పార్టు మార్చకు, అవసరం లేనిది విప్పకు. మా బండి చూసిన మొదటి షెడ్డువాళ్ళు ఈ రెండిటినీ ఒక్క పూటలో దాటేశారు. ఆ కథ 'మరనె యడుగు' దగ్గర వస్తుంది. నా మట్టుకు నేను సూరిగారి ఒట్టులో మొదటి సగమే తీసుకుంటున్నాను. రెండో సగం కూడా తీసుకుంటే ఈ వ్యాసం పద్యం దగ్గరే ఆగిపోవాలి.

ప్రతిపదార్థము

తాళము = తాళంచెవిని; ఇడిన అపుడు = పెట్టి 'ఆన్' దాకా త్రిప్పినప్పుడు; తానుగా = తనంతట తాను; వెలుగొందు = ప్రకాశించునట్టి; చుట్టతీగ దివ్వె = తీగచుట్ట గుర్తుగల పసుపుపచ్చని దీపమును; చూచి = కన్నులారా చూచి; ఆగు = సెల్ఫ్ కొట్టక నిలువుము; ఆరినంత = అది ఆరిన వెంటనే; త్రిప్పుము = తాళంచెవిని ఇంకొక మెట్టు త్రిప్పుము; ఆరకున్న = ఆరకపోయినను; మిణుకుమన్న = ఆరుచు వెలుగుచు నుండినను; వెలుగకున్న = అసలే వెలగకపోయినను; మరనె = యంత్రమునే; అడుగు = ప్రశ్నింపుము.

తాత్పర్యము

తాళం పెట్టగానే వెలిగే చుట్ట దీపం ఆరేదాకా ఆగి స్టార్ట్ చెయ్యాలి. అది ఆరకపోయినా, మిణుకుమన్నా, వెలగకపోయినా యంత్రాన్ని పరీక్షించాలి. పరీక్షలో ఇంతవరకు రాస్తే నేనే పూర్తి మార్కులు వేసేవాణ్ణి. లంబసింగిలో తెల్లారి నాలుగింటికి ఈ జవాబుకి సున్నా.

టీక

'తాళము'. తాళం అంటే కప్ప, తాళంచెవి అంటే దాన్ని తీసేది, కవి ఒకటి అనబోయి ఇంకొకటి అన్నాడని ఆక్షేపణ రావచ్చు. లోకం అంతా 'బండి తాళాలు ఎక్కడ పెట్టావు' అనే అడుగుతుంది. లోకం ఒప్పుకున్నదాన్ని కవికి వదిలెయ్యాలి.

'చుట్టతీగ దివ్వె'. ఒక గీత సాగుతూ సాగుతూ నడుమ రెండు మూడు చుట్లు తిరిగి మళ్ళీ గీతైపోయినట్టు ఉంటుంది ఆ గుర్తు. ఏ దేశపు బండిలోనైనా మీటరు గుర్తులు ఒకేలా ఉండాలని ఐఎస్ఓ 2575 అనే ప్రమాణం ఉంది, ఈ చుట్ట అందులోదే. ప్రమాణం గుర్తుకే గానీ పేరుకి లేదు. షెడ్లలో హీటర్ లైటంటారు, కొందరు కాయిల్ లైటంటారు, మా వాడు జంతిక లైటంటాడు. పుస్తకంలో గ్లో ప్లగ్ అని ఉంటుంది. విడిభాగాల కొట్లో గ్లో ప్లగ్గనడిగితే ఒక్క క్షణం ఆలోచిస్తారు, హీటర్ ప్లగ్గంటే వెనక్కి తిరక్కుండానే చెయ్యి పెట్టి తీస్తారు.

ఈ హీటరు ఎందుకు? పెట్రోలు ఇంజినుకి నిప్పురవ్వ ఉంది, డీజిలు ఇంజినుకి లేదు. గాలిని పదిహేనో వంతుకో ఇరవయ్యో వంతుకో కుదిస్తే అదే వందల డిగ్రీలు వేడెక్కుతుంది, ఆ వేడిలోకి డీజిల్ చిమ్మితే అంటుకుంటుంది. సైకిలు పంపు కొట్టాక దాని అడుగు పట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకున్న ప్రతివాడికీ ఈ సూత్రం తెలుసు. 1858లో పారిస్‌లో పుట్టిన రుడాల్ఫ్ డీజిల్ 1892లో దీనికి పేటెంటు కోరాడు, 1897 నాటికి ఆగ్స్‌బర్గ్‌లో నమ్మకంగా నడిచే ఇంజిను చూపించాడు, 1913లో ఇంగ్లండుకి వెళ్తూ రాత్రికి రాత్రి ఓడ మీంచి మాయమైపోయాడు. ఆయన సూత్రంలో దీపమూ లేదు, ప్లగ్గూ లేదు. అవి చలి రాసిన ప్రక్షిప్తాలు.

ఇనుము చల్లగా ఉంటే, కుదించిన గాలి వేడిని అది ఎప్పటికప్పుడు తాగేస్తుంది. దానికితోడు చలికి బ్యాటరీ నీరసపడుతుంది, ఆయిలు చిక్కబడుతుంది, ఇంజిను మెల్లగా తిరుగుతుంది, మెల్లగా తిరిగేకొద్దీ వేడి జారిపోవడానికి వ్యవధి దొరుకుతుంది. 1909లో బెంజ్ కంపెనీ ఇంజనీరు ప్రాస్పర్ లోరాంజ్ సిలిండరు పక్కన చిన్న గది కట్టి, డీజిలుని ముందు అందులోకి చిమ్మే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. దాంతో చిన్న డీజిల్ ఇంజినుకి దారి పడింది. కానీ చిన్న ఇంటికి గోడలెక్కువ. చోటు కొంచెం, వేడి తాగే గోడ బోలెడు. అందుకే ఆ పద్ధతి ఇంజిన్లకి ఒక మాదిరి చలి చాలు, హీటర్ ప్లగ్గు లేకుండా లేవవు. 2005లో వచ్చిన టాటా ఏస్, మన ఊళ్ళలో మంచాలూ బీరువాలూ గణపతి విగ్రహాలూ మోసే ఆ ఛోటా హాథీ, మొదట్లో ఈ జాతిదే: 702 సీసీ, రెండంటే రెండు సిలిండర్లు. రెండిట్లో ఒక ప్లగ్గు పోతే సగం ఏనుగు పడుకునే ఉంటుంది. డీజిలుని నేరుగా సిలిండరులోకే చిమ్మే పెద్ద లారీల్లో చాలావాటికి ఈ ప్లగ్గులే ఉండవు. చలిదేశాల్లో వాటికి లోపలికి వెళ్ళే గాలినే వేడిచేసే జాలీ పెడతారు. పద్నాలుగు చక్రాల లారీ డ్రైవరుని జంతిక లైటు గురించి అడిగితే ఆకలేస్తోందా అంటాడు.

ప్లగ్గు విషయానికొస్తే పెన్సిలంత లావు లోహపు గొట్టం. లోపల తీగచుట్ట, చుట్టూ కూరిన మెగ్నీషియం ఆక్సైడ్ పొడి. కరెంటు ఇస్తే కొన్ని సెకన్లలో కొస ఎర్రబడి ఎనిమిది తొమ్మిది వందల డిగ్రీలు దాటుతుంది. చుట్ట రెండు భాగాలు: ఒకటి వేడెక్కేది, రెండోది వేడెక్కేకొద్దీ కరెంటుని అడ్డుకునేది. తనని తాను కాల్చుకోకుండా తనే పట్టుకునే పగ్గం అన్నమాట. మన నాయకుల్లో ఈ రెండో చుట్ట పెట్టడం బ్రహ్మ మరిచిపోయాడు.

'తానుగా'. ఇక్కడే వ్యాఖ్యాతలు కొట్టుకుంటారు. 'తనంతట తాను' అని ప్రతిపదార్థంలో రాసి చేతులు దులుపుకున్నాను గానీ, అసలు అర్థం 'తానొక్కతే' అని. దీపానికి ప్లగ్గులతో సంబంధం ఉందని అందరూ నమ్ముతారు. దీపం వెలిగితే ప్లగ్గులు కాగుతున్నాయని, ఆరితే కాగడం అయిందని. కొత్త బండ్లలో కంట్రోలు పెట్టె ఒక్కో ప్లగ్గులోకి కరెంటు పోతోందో లేదో కనిపెట్టుకుని ఉంటుంది కాబట్టి ఆ నమ్మకంలో కొంత పస ఉంది. పాత బండ్లలో ఉండేది టైమరు పెట్టె. ఇంజిను ఎంత చల్లగా ఉందో కనుక్కుంటుంది, ఇన్ని సెకన్లు అని నిర్ణయించుకుంటుంది, దీపం వెలిగిస్తుంది, ప్లగ్గులకి కరెంటు కలిపే రిలేని లాగుతుంది, టైమవగానే దీపం ఆర్పేస్తుంది. రిలే నుంచి ప్లగ్గుల దాకా తీగ ఉందో తెగిందో దానికి పట్టదు. నాలుగు ప్లగ్గులూ తీసి జేబులో వేసుకుని తాళం తిప్పినా ఆ దీపం అంతే నిష్ఠగా వెలిగి అంతే నిష్ఠగా ఆరుతుంది. అమెరికాలో 1994 నుంచి 2003 దాకా వచ్చిన ఫోర్డు 7.3 లీటర్ల డీజిల్ పికప్పుల్లోనూ ఇంతే. అక్కడ దీపం ముందే ఆరిపోతుంది, రిలే మాత్రం ఒక్కోసారి రెండు నిమిషాల దాకా ప్లగ్గులకి కరెంటు ఇస్తూనే ఉంటుంది. దీపం చెప్పేది కాలం సంగతి. వేడి సంగతి దానికి తెలియదు.

ఇక పొగ. తర్కశాస్త్రం మొదటి పాఠం కొండ మీద పొగతో మొదలవుతుంది. పొగ కనబడితే నిప్పు ఉన్నట్టే, వంటింట్లో చూడలేదా అని. మూడో రోజు తెల్లవారుజామున ఆ పాఠం నాకు కొండ మీదే తిరగబడింది. కొండ ఉంది, పొగ దట్టంగా ఉంది, నిప్పు లేదు. చల్లటి ఇంజిను సైలెన్సరులోంచి వచ్చే తెల్ల పొగ కాలిన డీజిల్ కాదు, కాలని డీజిల్. ఇంధనం వస్తోంది, ఆవిరవుతోంది, అంటుకోవడం లేదు. కనుక ఈ పొగ నిప్పు లేకపోవడానికి హేతువు. నైయాయికులకి డీజిల్ బండి ఉండి ఉంటే మరో నాలుగు గ్రంథాలు అదనంగా పుట్టేవి. మనం చదవలేక చచ్చేవాళ్ళం. పొగే రాకపోతే అది వేరే ప్రకరణం: డీజిలే రావడం లేదు. ట్యాంకు, ఫిల్టరు, గాలి పట్టడం చూసుకోవాలి. ప్లగ్గుల జోలికి పోనక్కరలేదు. తెల్ల పొగ ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్నతో సగం చిక్కు విడిపోతుంది. దానికి డబ్బులు తీసుకునేవాడు ఎవడూ లేడు కాబట్టే ఎవరూ అడగరు.

'ఆరినంత'. ఆరగానే అని ఒక అర్థం. 'ఆరినంత మాత్రాన' అని ఇంకొక అర్థం, అప్పుడు మిగతా వాక్యం కాకువుతో చదువుకోవాలి: ఆరినంత మాత్రాన తిప్పేస్తావా? బాగా చలి ఉన్న పూట రెండో అర్థమే మేలు. దీపం ఆరాక తాళం వెనక్కి తిప్పి మళ్ళీ ఆన్ చేస్తే ప్లగ్గులకి ఇంకో విడత కరెంటు అందుతుంది. కొండ డ్రైవర్లు వ్యాకరణం తెలియకుండానే ఇలా చదువుతారు.

'త్రిప్పుమారకున్న'. పద్యానికి ఇది గుండెకాయ, బ్యాటరీకి గండం. 'త్రిప్పుము, ఆరకున్న' అని నా పదచ్ఛేదం. మా మేనల్లుడి పదచ్ఛేదం 'త్రిప్పు, మారకున్న'. అంటే మార్పేమీ రాకున్నా తిప్పుతూనే ఉండమని. వ్యాకరణం రెండిటికీ ఒప్పుకుంటుంది. బ్యాటరీ ఒక్కదానికే ఒప్పుకుంటుంది. నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది. ఆపకుండా సెల్ఫ్ కొడుతుంటే అది దిగజారుతుంది. దిగజారేకొద్దీ ఇంజిను మెల్లబడుతుంది, ప్లగ్గులు కూడా వేడెక్కవు. వోల్టేజి సగమైతే వేడి సగం కాదు, సుమారు పావు. కాబట్టి ఈ పాఠాంతరం పాటించినవాడికి మూడు నిమిషాల తర్వాత పెట్టుబడీ మిగలదు, వడ్డీ కూడా మిగలదు.

ఈ పాఠానికే ఇంకో ఉపశాఖ ఉంది. బట్ట పీలిక డీజిల్లో ముంచి వెలిగించి గాలి గొట్టం మూతి దగ్గర పట్టుకోవడం. ట్రాక్టర్లకి ఇలా చెయ్యడం చిన్నప్పుడు నేనే చూశాను, వెలిగించినాయన కనుబొమలు కూడా చూశాను, తర్వాత చూడలేదు. ఈథర్ స్ప్రే కొట్టడం దీనికి నాగరిక రూపం. హీటర్ ప్లగ్గులున్న ఇంజినులోకి ఈథర్ కొడితే ఎర్రగా కాలిన కొస మీద అది వేళ కాని వేళ పేలుతుంది, పిస్టను పగలొచ్చు. ఈ ఉపశాఖని ఖండించడానికి శాస్త్రప్రమాణం అక్కరలేదు.

'మరనె యడుగు'. యంత్రాన్నే అడుగు. ఏవకారం గట్టిది: కొట్టువాణ్ణి కాదు, పక్క బండి డ్రైవరుని కాదు, యంత్రాన్ని. మా వాడు మొదట షెడ్డువాళ్ళని అడిగాడు. హీటరు పనిచెయ్యట్లేదన్నారు, నాలుగు ప్లగ్గులూ మార్చారు, సామానూ మజూరీ కలిపి మూడు వేల పైచిలుకు తీసుకున్నారు. మధ్యాహ్నం ఎండలో స్టార్ట్ చేసి చూపించారు. మధ్యాహ్నం ఎండలో అది ప్లగ్గులు లేకపోయినా లేచేదే. మర్నాడు తెల్లారి మళ్ళీ పొగ.

అప్పుడు చింతపల్లి నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. బండ్ల కరెంటు పని చేస్తాడు. మా వాడు బాబాయ్ అంటాడు, నన్నాయన మాస్టారూ అంటాడు. చేతిలో స్కానరు లేదు, రెండు తీగలు కట్టిన ఇండికేటర్ బల్బు ఒకటి, గాజు పగిలిన మీటరు ఒకటి ఉన్నాయి.

"ఏటి బాబూ, నాలుగు ప్లగ్గులూ ఒకేపాలి సచ్చిపోతాయేటి? ఏసినోడు కరెంటొస్తందో నేదో సూసేడా?" అన్నాడు బోనెట్ ఎత్తుతూనే.

చూశారని మా వాడు చెప్పాడు. నాలుగు ప్లగ్గులకీ కరెంటు పంచే పట్టీ విప్పి, తీగ చివర మీటరు పెడితే పన్నెండు వోల్టులు చూపించిందట.

ఆయన నవ్వాడు. "పట్టీ ఇప్పేసి సూస్తే పన్నెండే సూపిస్తాది. బరువు మీద సూడాల."

ఈ ఒక్క మాటకి నేను నా టీక అంతా ఇచ్చేస్తాను. ప్లగ్గు ఒక్కొక్కటీ పది పన్నెండు ఆంపియర్లు లాగుతుంది, నాలుగూ కలిస్తే నలభై యాభై. ఆ బరువు లేనప్పుడు తీగలో ఒక్క పోగు మిగిలి ఉన్నా మీటరు పన్నెండు చూపించి పంపేస్తుంది. పద్యం అప్పజెప్పే పిల్లవాడు తెరిచిన పుస్తకం ముందు తడుముకోడు కదా. ప్లగ్గులన్నీ తగిలించి ఉండగానే ఆయన మా వాణ్ణి తాళం ఆన్ చెయ్యమన్నాడు. టక్కుమని రిలే చప్పుడు. రిలే కొట్టుకోవడమొక్కటే సాక్ష్యం కాదట, లోపలి కాంటాక్టులు కాలిపోయినా టక్కు మాత్రం మానదట. బల్బు ఒక కొస ఎర్తుకి, రెండో కొస రిలే బయటి బోల్టుకి తగిలించాడు. భగ్గున వెలిగింది. అదే కొస ప్లగ్గుల పట్టీకి తగిలించాడు. బల్బులో తీగ నిద్రకళ్ళతో చూసినట్టు ఎర్రగా ఉంది, అంతే. మీటరు పెడితే రిలే దగ్గర 11.6, పట్టీ దగ్గర ఆరుకి ఒక పిసరు తక్కువ. రిలేకీ పట్టీకీ మధ్య ఉన్నది మూరెడు తీగ.

ఆ తీగని వేళ్ళతో తడుముకుంటూ వెళ్ళి ఒక చోట ఆగాడు. నల్ల టేపు చుట్టి ఉంది. ఒలిస్తే లోపల లగ్గు, లగ్గు మెడ చుట్టూ పచ్చటి చిలుం. మా అమ్మ చింతపండు పెట్టి తోమే రాగిచెంబు మీద పట్టేదే. గోటితో గీకితే తీగలో ఐదారు పోగులు మిగిలాయి, తక్కినవి పొడైపోయాయి. కొండ మంచు టేపు కిందకి దిగి ఏళ్ళ తరబడి అక్కడే కాపురం ఉంది. కొరికి, కొత్త లగ్గు వేసి నొక్కి, టంకం పోసి, రబ్బరు గొట్టం తొడిగాడు. పది రూపాయల లగ్గు. ఈసారి పట్టీ దగ్గర 11.2.

మర్నాడు తెల్లారి నాలుగింటికి దీపం ఆరాక సెల్ఫ్ కొడితే రెండో తిరుగుడుకే అందుకుంది. మా చెల్లెలు లోపల్నుంచి "హమ్మయ్య" అంది. ఇంజిను చప్పుడు విని అన్నదో, మేము లోపలికొచ్చి తలుపేస్తామని అన్నదో తెలియదు.

పీకేసిన పాత ప్లగ్గులు నాలుగూ టూల్ బాక్సులో ఉన్నాయి. అంతకుముందు రోజే పెద్దాయన వాటినీ అడిగాడు. మీటరు ఒక కొస ప్లగ్గు నెత్తికి, ఒక కొస ఒంటికి. మొదటిది 0.8 ఓములు, రెండోది 0.9, మూడోది 0.8. నాలుగోదానికి మీటరు ఎడమ పక్కన ఒకటి వేసింది. ఒక ఓము కాబోలనుకున్నాను. కాదట. ఆ పాత మీటర్లలో ఎడమ పక్కన ఒకటి పడితే అంతులేదని, లోపల చుట్ట తెగిపోయిందని అర్థమట. ఏకమే అనంతమని ఉపనిషత్తుల తర్వాత నాకు చెప్పింది ఆ మీటరే. అంటే మూడు బతికే ఉన్నాయి. ఒక్కటే చచ్చింది, అది కూడా ఎప్పుడో చచ్చింది, ఎవరికీ చెప్పలేదు. పాత బండి దీపం ప్లగ్గు చావుని లెక్కలోకి తీసుకోదని పైన చెప్పుకున్నాం కదా.

బతికున్నదాన్ని కటింగ్ ప్లేయరుతో పట్టుకుని బ్యాటరీకి తగిలించి చూపించాడు. ముందు కొస ఎర్రబడింది, తర్వాత మెల్లగా వెనక్కి పాకింది. నడుమ ముందు ఎర్రబడితే ప్లగ్గు పోయినట్టేనన్నాడు. తగిలించే ముందు మాత్రం ప్లగ్గు మెడ మీద అంకె చదివాడు, 11 వోల్టులని ఉంది. కొత్తరకం ప్లగ్గుల మీద 4.4 అనో, 5 అనో, 7 అనో ఉంటుంది, కంట్రోలు పెట్టె వాటికి కరెంటు ముక్కలు ముక్కలుగా కొలిచి పెడుతుంది. అలాంటిదాన్ని నేరుగా పన్నెండు వోల్టులకి తగిలిస్తే పరీక్షా, అంత్యక్రియలూ ఒకేసారి అవుతాయి.

'మిణుకుమన్న'. దీని స్థానం 'మరనె యడుగు'కి ముందు. క్రమం తప్పింది, తెలుసు. దీపం నిలకడగా వెలిగితే అభిధ, దాని మాట అదే. మిణుకుమంటే వ్యంజన. నోట ఒకటి, లోపల ఇంకొకటి. కంప్యూటరు పెట్టె ఉన్న బండ్లలో మిణుకుమనే హీటరు దీపానికి హీటరుతో నిమిత్తం లేకపోవచ్చు. ఇంజిను నియంత్రణలో ఎక్కడో తేడా ఉంటే, దానికంటూ వేరే దీపం ఎందుకని ఇదే దీపాన్ని ఆడిస్తారు. ఫోక్స్‌వ్యాగన్ టీడీఐ కార్లలో ఇది ప్రసిద్ధం. అక్కడ బ్రేకు పెడల్ దగ్గర స్విచ్చి చెడిపోతే కూడా చుట్టతీగ మిణుకుతుంది. కాలి కింద స్విచ్చికి, ఇంజిను నెత్తిన ప్లగ్గుకి సంబంధం కలిపిన ఆ కవి సామాన్యుడు కాడు. మిణుకుతో పాటు బండి లాగుడు కూడా తగ్గితే వ్యాఖ్యానం ఆపి షెడ్డుకి పోవడమే.

స్కానరు పెడితే అంకెలు వస్తాయి. పి 0380 వస్తే ప్లగ్గుల కరెంటు దారిలో తేడా, పి 0670 అయితే కంట్రోలు పెట్టె దారిలో, పి 0671 అయితే ఒకటో సిలిండరు ప్లగ్గు దారిలో, పి 0672 రెండోదానికి, అలా వరసగా. గమనించాల్సింది 'దారి' అనే మాట. ఒకటో ప్లగ్గు పోయిందని ఆ అంకె అనడం లేదు, ఆ దారిలో ఎక్కడో తేడా అంటోంది. ప్లగ్గు కావచ్చు, తీగ కావచ్చు, మూరెడు దూరంలో టేపు కింద చిలుం కావచ్చు. అంకె చూసి ప్లగ్గు మార్చేవాడు, 'రాజు వెడలె' అని చదివి రాజు పారిపోయాడని రాసిన మా తొమ్మిదో తరగతి కుర్రవాడు ఒకే గురువు శిష్యులు.

'ఆరకున్న' గురించి ఎక్కువ లేదు. వేడి కొలిచే సెన్సరు తీగ తెగితే, ఇంజిను మంచుగడ్డలా ఉందని టైమరు భ్రమపడి దీపాన్ని చాలాసేపు ఉంచుతుంది. రిలే అతుక్కుపోతే దీపం ఆరినా ప్లగ్గులు కాలుతూనే ఉంటాయి, బ్యాటరీ పొద్దున్నకి చల్లగా నమస్కారం పెడుతుంది.

'వెలుగకున్న'. బల్బు పోయి ఉండొచ్చు, ఫ్యూజు పోయి ఉండొచ్చు, టైమరుకి కరెంటే రాకపోవచ్చు అని రాసుకుని టీక ముగించి, లంబసింగి నుంచి ఇంటికి వచ్చేశాను. వారం తిరక్కుండా మేనల్లుడి ఫోను, ఎండెక్కాక పదింటికి.

"మామయ్యా, వెలుగకున్న వచ్చేసింది."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. తాళం పెట్టాను, జంతిక రాలేదు. మళ్ళీ బాబాయిని పిలవమంటావా?"

"బండి ఎప్పుడు ఆపావు?"

"ఇందాకే. నర్సీపట్నంలో దించేసి, టీ తాగుదామని ఆపా."

ఘాట్ దిగి వచ్చిన ఇంజిను మీద ఆ టీ కాచుకోవచ్చు. వేడిగా ఉన్న ఇంజినుకి టైమరు ఒక్క రెప్పపాటే దీపం వెలిగిస్తుంది, మీటరు మీద ఎండ పడుతుంటే అది కంటికే ఆనదు. ఈ మినహాయింపు పద్యంలో లేదు. పెడదామంటే 'వేడి లేనప్పుడు' అనే మాటకి నాలుగో పాదంలో చోటు చాలదు.

"సెల్ఫ్ కొట్టు," అన్నాను.

ఫోనులోనే వినబడింది. ఒక్క తిరుగుడుకే అందుకుంది.

"మరి పద్యంలో మరనె యడుగు అన్నావు కదా?"

"అడిగావుగా. చెప్పింది."